బీర్ పొట్టు గుర్రానికి పెట్టొచ్చా?

(బెంగళూరు శివార్లలో ఒక లాయం దగ్గర ఆదివారం ఉదయం గుర్రాల యజమానులు, సైసులు (గుర్రాలను చూసుకునే పనివాళ్లు) కలుసుకున్నప్పుడు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండి, బెంచీలు ఖాళీగానే ఉన్నాయి. సైసన్నలూ, మీరు కూడా కూర్చోండి. అసలు ఈ మాటలు మీకోసమే ఎక్కువ, ఎందుకంటే యజమాని ఎన్ని లెక్కలు రాసిచ్చినా తొట్టిలో ఏం పడుతోంది, ఎంత పడుతోంది అన్నది మీ చేతికే తెలుసు.

నా గురించి తెలియనివాళ్లకు ఒక్క మాట. మా తాత హిందూపురం స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. ఇంట్లో ఒకటే గుర్రం. సాయంత్రం బండి విప్పగానే పొయ్యి మీద ముందు గుర్రానికి ఉలవలు ఉడికేవి, ఆ తర్వాతే మాకు అన్నం ఎక్కేది. మా నానమ్మ ఆ గుగ్గిళ్లలోంచి ఒక గుప్పెడు తీసి, ఉప్పు చల్లి మా చేతుల్లో పెట్టేది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత ఉంది కదా, ఊళ్లో దాన్ని వెక్కిరింపుగా అంటారు గానీ మా ఇంట్లో అది నియమం. గుర్రం ఎలాంటిదైనా, ఆ రోజు బాడుగ వచ్చినా రాకపోయినా, దాని దాణా దానికి పడాల్సిందే. ఇప్పుడు నేను పదకొండు గుర్రాలు చూసుకుంటున్నాను. నేను డాక్టర్ని కాను. డాక్టరుగారు ఇక్కడే కూర్చున్నారు, తప్పు మాట్లాడితే అక్కడే ఆపేయండి సార్.

సరే, విషయం. ఈ మధ్య నాకు వారానికి రెండు మూడు ఫోన్లు వస్తున్నాయి, అన్నీ ఒకటే ప్రశ్న. "అన్నా, బీరు తయారుచేసే పబ్బువాళ్లు పొట్టు ఊరికే తీసుకెళ్లమంటున్నారు, గుర్రాలకు పెట్టొచ్చా?" ఎందుకు అడుగుతున్నారో నాకు తెలుసు. ఓట్స్ ధర చూస్తున్నాం, లూసర్న్ మేత ధర చూస్తున్నాం. ఇందిరానగర్ వెళ్లినా, కోరమంగళ వెళ్లినా, వైట్‌ఫీల్డ్ వెళ్లినా సొంతంగా బీరు కాచే చోట్లు కనిపిస్తూనే ఉంటాయి, వాళ్లకేమో ఆ పొట్టు వదిలించుకోవడమే పెద్ద పని. మనకేమో దాణా ఖర్చు. రెండూ కలిస్తే బాగుంటుంది కదా అనిపిస్తుంది.

నా జవాబు, పెట్టొచ్చు. మంచి దాణానే. కానీ ఆవుకి పెట్టినట్టు గుర్రానికి పెట్టకూడదు. ఇవాళ నేను ఎంత మాట్లాడినా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాను, ఆవుకి పెట్టినట్టు గుర్రానికి పెట్టకూడదు.

ముందు అసలు ఆ పొట్టు ఏమిటో చూద్దాం. మన ఇళ్లలో చంటిపిల్లలకు రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి పిండి పట్టిస్తాం కదా, రాగి మాల్ట్ అంటాం. బీరుకు అదే పని బార్లీతో చేస్తారు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని నలగ్గొట్టి, సుమారు 65 డిగ్రీల వేడి నీళ్లలో ఒక గంటో గంటన్నరో నానేస్తారు. మొలకెత్తినప్పుడు పుట్టిన ఎంజైములు ఆ వేడికి గింజలోని పిండిని చక్కెరగా మారుస్తాయి. ఆ తీపి నీళ్లను వడగట్టి తీసేసుకుంటారు. జల్లెడ మీద మిగిలింది మన పొట్టు. బార్లీ పైతొక్క, పీచు, మాంసకృత్తులు, కాస్త కొవ్వు.

ఇందులో సారాయి ఉంటుందా? గుర్రానికి మత్తెక్కుతుందా? ఇది ప్రతి ఒక్కరూ అడుగుతారు. ఉండదు. పులియబెట్టడం తర్వాతి పని. ఈస్టు వేయకముందే ఈ పొట్టు బయటికొచ్చేస్తుంది. చేదు కోసం వేసే హాప్స్ అనే పువ్వులు కూడా వడగట్టిన తర్వాత, ఆ తీపి నీళ్లు మరిగించేటప్పుడు వేస్తారు కాబట్టి పొట్టులో హాప్స్ ఉండకూడదు. "ఉండకూడదు" అంటున్నాను, "ఉండదు" అనడం లేదు, గమనించండి. కొన్నిచోట్ల అడుగున మిగిలిన హాప్స్ మడ్డి, ఈస్టు మడ్డి, అన్నీ ఒకే డ్రమ్ములో పోసేస్తారు. ట్యాంకులు కడిగే కాస్టిక్ సోడా నీళ్లు ఆ పక్కనే ఉంటాయి. కాబట్టి వెళ్లిన మొదటిరోజే అక్కడ పనిచేసే మనిషితో మాట్లాడండి. మీ డ్రమ్ము వేరు, మూత వేరు, దాని మీద గుర్రం బొమ్మ వేసి పెట్టండి, ఇందులో పొట్టు తప్ప ఇంకేదీ పడకూడదని చెప్పండి. గుర్రాలకని చెప్తే వాళ్లు శ్రద్ధగానే చేస్తారు, నా అనుభవం అది.

ఎంత వస్తుంది? వంద లీటర్ల బీరుకు సుమారు ఇరవై కిలోల తడి పొట్టు మిగులుతుంది. ఒక పబ్బులో వెయ్యి లీటర్లు కాస్తే రెండు వందల కిలోలు. ఆహా అనుకోకండి, అందులో ముప్పావు వంతు పైన, దాదాపు ఎనభై శాతం దాకా నీళ్లే. రెండు వందల కిలోలు ఎండబెడితే మీకు మిగిలేది నలభై కిలోలు, నలభై అయిదు కిలోలు. ఆటో బాడుగ లెక్కేసుకునేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి, మనం మోసుకొస్తున్నది ఎక్కువగా నీళ్లు.

ఆ ఎండిన పొట్టులో ఏముంది? మాంసకృత్తులు ఇరవై నుంచి ఇరవై ఎనిమిది శాతం దాకా ఉంటాయి, అంటే మన ఉలవలతో సమానం. పీచు దాదాపు సగం. పిండి పదార్థం మాత్రం చాలా తక్కువ, చక్కెర చేసి తీసేసుకున్నారు కదా. ఇది నాకు నచ్చిన గుణం. ఎందుకో తెలుసా? మొక్కజొన్నలో మూడింట రెండు వంతులు పిండే. బార్లీలో సగానికి పైన. గుర్రం చిన్నపేగు ఒక పూటలో అంత పిండి అరిగించుకోలేదు. మిగిలింది పెద్దపేగులోకి జారి, అక్కడ పులిసి, ఆమ్లం పుట్టి, కడుపునొప్పి దగ్గర మొదలై గిట్టల వాపు దాకా తీసుకెళ్తుంది. లామినైటిస్ వచ్చిన గుర్రాన్ని చూసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, అది ముందుకాళ్లు చాచి, బరువంతా వెనక్కి వేసి ఎలా నిలబడుతుందో నేను చెప్పక్కర్లేదు. పొట్టులో ఆ భయం తక్కువ. ముసలి గుర్రాలు, ఒళ్లు పట్టని గుర్రాలు, గింజ దాణా తింటే తిక్కతిక్కగా ఎగిరే గుర్రాలు, వీటికి ఇది బాగా పనికొస్తుంది. శక్తి ఓట్స్ కంటే కాస్త తక్కువ వస్తుంది, అంతే.

అయితే మాంసకృత్తులు ఎక్కువ అన్నాను కదా, దానికి ఒక తిరకాసు ఉంది. ఆవుకి ముందు పొట్టలోనే, నెమరు వేసే పొట్టలోనే, కోటానుకోట్ల సూక్ష్మజీవులు మేతను పులియబెడతాయి. తర్వాత ఆవు ఆ సూక్ష్మజీవుల్నే అరిగించుకుంటుంది. అంటే ఏ రకం మాంసకృత్తులు పెట్టినా అవి మంచివిగా మార్చి ఇస్తాయి. గుర్రానికి ఆ పులియబెట్టే కుండ వెనక ఉంది, చిన్నపేగు దాటిన తర్వాత. అక్కడ తయారైన మాంసకృత్తులు చాలావరకు పేడలోనే పోతాయి. కాబట్టి గుర్రానికి మనం నోట్లో పెట్టిందే మంచిదై ఉండాలి. బీర్ పొట్టులో లైసీన్ అనే ముఖ్యమైన అమైనో ఆమ్లం తక్కువ, సోయా పిండిలో ఎక్కువ. పెద్ద గుర్రానికి ఫరవాలేదు. ఎదిగే పిల్లకు మాత్రం ఒక్క పొట్టు మీద ఆధారపడితే ఎదుగుదల సరిగా ఉండదు.

ఆవుకీ గుర్రానికీ ఉన్న తేడాలో ఇది చిన్నది. పెద్దది ఇప్పుడు చెప్తాను, నా సొంత అనుభవంతో చెప్తాను.

గౌరి అని నా దగ్గర ఒక ఆడగుర్రం ఉంది, అప్పటికి పద్నాలుగేళ్లు. మే నెల. ఒకచోట నుంచి తడి పొట్టు రెండు డ్రమ్ములు తెప్పించాను. మొదటిరోజు ఆ పొట్టు ఎంత బాగుందంటే, డ్రమ్ము మూత తీయగానే గోరువెచ్చగా, అప్పుడే ఉడికించిన జావ వాసన. నేనే గుప్పెడు నోట్లో వేసుకున్నాను, చప్పగా, చివర్లో కొంచెం తీపి. గుర్రాలన్నీ తలలు ఊపుతూ తొట్టి దగ్గరకొచ్చేశాయి. రెండోరోజు కూడా బాగానే ఉంది. మూడోరోజు నేను ఊళ్లో లేను. మధ్యాహ్నం కొత్తగా చేరిన పిల్లాడు, గౌరి ఇష్టంగా తింటోంది కదా అని రెండు బక్కెట్లు వేశాడు. ప్రేమతోనే వేశాడు. రెండు బక్కెట్లంటే తక్కువలో తక్కువ పదిహేను కిలోలు.

నాలుగు గంటలకు ఫోన్. నేను వచ్చేసరికి అది ముందుకాలితో నేల గీరుతోంది, వెనక్కి తిరిగి డొక్క వైపు చూసుకుంటోంది, పడుకుంటోంది, లేస్తోంది, మళ్లీ పడుకుంటోంది. మెడంతా చెమట. ముక్కుపుటాలు ఇంతింత విచ్చుకున్నాయి. డాక్టరుగారు ముక్కులోంచి గొట్టం పంపారు. గొట్టం పొట్టలోకి దిగగానే బుస్సుమని గాలి, ఆ వెనకే పుల్లటి నీళ్లు, ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది, పాత దోసెపిండి మూత తీస్తే వచ్చే వాసన. బక్కెట్టు నిండింది. తెల్లవారుజామున మూడింటికి పేడ వేసింది, అప్పుడు మేమందరం కూలబడ్డాం. గౌరి బతికింది, ఇప్పటికీ ఉంది, బయట కట్టేసి ఉన్న ఎర్రగుర్రం అదే.

ఆ పిల్లాడిని నేను ఒక్క మాట అనలేదు. వాడికి చెప్పాల్సింది నేను చెప్పలేదు, కాబట్టి తప్పు నాది. తర్వాత వెళ్లి ఆ డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూశాను. పైన చల్లగా ఉంది, లోపల మాత్రం వేడి, చెయ్యి ఉంచలేనంత. పైకి తెచ్చిన పొట్టులో బూడిదరంగు బూజు తీగలు. పైపైన చూస్తే ఏమీ తెలియదు.

ఇప్పుడు ఆలోచించండి, అదే పొట్టు పాడిరైతు ఆవుకి వేస్తాడు, మూడోరోజుది కూడా వేస్తాడు, చాలాసార్లు ఆవుకి ఏమీ కాదు. ఎందుకు? ఆవు పొట్ట వంద లీటర్ల పైన పట్టే పెద్ద గంగాళం. గాలి పుడితే త్రేనుస్తుంది. తిన్నది పైకి తెచ్చి నెమరు వేస్తుంది. గుర్రం పొట్ట ఎంత? ఎనిమిది నుంచి పదిహేను లీటర్లు, అంతే. అంత పెద్ద జంతువుకి అంత చిన్న పొట్ట. పైగా గొంతు పొట్టలో కలిసేచోట కండరం ఎంత బిగువంటే, లోపలికి వెళ్లింది పైకి రాదు. గుర్రం వాంతి చేసుకోలేదు. త్రేనుపు రాదు. లోపల పులిసి గాలి పుడితే ఎక్కడికి పోవాలి? పొట్ట ఉబ్బుతుంది, ఇంకా ఉబ్బితే పగులుతుంది. పగిలితే ఏ డాక్టరూ ఏమీ చేయలేడు. అందుకే చెప్తున్నాను, ఆవుకి పెట్టినట్టు గుర్రానికి పెట్టకూడదు.

ఇంకొకటి, ఈ తడి పొట్టును ప్లాస్టిక్ సంచుల్లో గాలి చొరకుండా బిగించి పాతరేసినట్టు దాచి ఆవులకు వాడతారు. గుర్రాలకు అది వద్దు. గాలి లేని తడిలో బాట్యులిజం క్రిమి పెరిగే వీలుంది, దాని విషానికి గుర్రం తట్టుకోలేదు. నాలుక వేలాడేస్తుంది, మింగలేదు, కాళ్లు పట్టు తప్పుతాయి. ఒకసారి వచ్చాక వెనక్కి తిప్పడం చాలా కష్టం. డబ్బు ఆదా చేద్దామని మొదలుపెట్టి గుర్రాన్నే పోగొట్టుకోవద్దు.

మరి ఏం చేయాలి? ఎండబెట్టాలి. నేను ఇప్పుడు ఎండిందే వాడతాను. పొద్దున తెచ్చిన పొట్టు పొద్దునే పరచాలి, రేపు పరుద్దాంలే అనుకుంటే అయిపోయింది. శుభ్రమైన టార్పాలిన్ పట్టా మీద, అంగుళం కంటే మందం లేకుండా. గంటకోసారి పారతో తిరగేసి కలపాలి. మార్చి, ఏప్రిల్ ఎండకు రెండు రోజుల్లో ఆరిపోతుంది. సాయంత్రం మంచు పడకముందే ఎత్తేయాలి. ఆరిందని ఎలా తెలుస్తుంది? గుప్పెడు తీసి గట్టిగా పిసకండి, వేళ్లు తెరవగానే గలగలా రాలిపోవాలి, ముద్ద కట్టకూడదు. పంటికింద వేస్తే పుటుక్కుమనాలి. వేడిగా ఉన్నప్పుడు బస్తాకెత్తొద్దు, చల్లారాకే ఎత్తండి, లేకపోతే బస్తా లోపల చెమట పట్టి మధ్యలో బూజు వస్తుంది.

వానాకాలంలో? జూన్ నుంచి అక్టోబరు దాకా బెంగళూరులో నేను ఎండబెట్టే ప్రయత్నమే చేయను. అప్పుడు ఫ్యాక్టరీలో యంత్రం మీద ఆరబెట్టి బస్తాల్లో అమ్మేది కొంటాను, లేకపోతే అసలు మానేస్తాను. చెన్నై నుంచి వచ్చిన తమ్ముళ్లు ఇద్దరున్నారు, మీ దగ్గర ఉక్కకు తడి పొట్టు ఒక్క పూట కూడా నమ్మొద్దు.

తడిది పెట్టనే కూడదా అంటే, అదే రోజుది, పొద్దున తెచ్చింది పొద్దునే, రెండు కిలోలకు మించకుండా పెట్టొచ్చు. మిగిలితే పక్కింటి ఆవులకు ఇచ్చేయండి. మన డ్రమ్ములో రాత్రికి ఏమీ మిగలకూడదు.

కొన్న బస్తాల గురించి ఒక హెచ్చరిక, ఇది చాలా జాగ్రత్తగా వినండి. పశువుల దాణాలో, కోళ్ల దాణాలో మోనెన్సిన్ అనే మందు కలిపే అలవాటుంది. కోళ్లకు అది రక్తవిరేచనాల జబ్బు రాకుండా, పశువులకు మేత బాగా ఒంటపట్టడానికి. గుర్రానికి అది విషం. ఒంటి బరువులో కిలోకి రెండు మూడు మిల్లీగ్రాములు వెళ్తే చాలు, ప్రాణం పోవచ్చు. అంటే నాలుగు వందల కిలోల గుర్రానికి ఒక గ్రాము. ఒక్క గ్రాము! గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది, విరుగుడు లేదు. కాబట్టి "బీర్ పొట్టు కలిపిన పశుదాణా" అని ఎవరైనా అమ్మితే గుర్రానికి వద్దే వద్దు. ఒట్టి పొట్టు మాత్రమే కొనండి. కోళ్ల దాణా ఖాళీ బస్తాలు చవకగా వస్తున్నాయని వాటిలో పొట్టు నింపొద్దు. పార, బక్కెట్టు, కొలత డబ్బా కూడా వేరుగా ఉంచండి. ఆవులూ కోళ్లూ గుర్రాలూ ఒకే కొట్టంలో ఉన్నవాళ్లు ఇక్కడ నలుగురైదుగురు ఉన్నారు, ఇవాళ ఇంటికెళ్లగానే చూసుకోండి.

ఇక కాల్షియం సంగతి. ఇక్కడ కొంచెం ఆగి చెప్తాను, ఎందుకంటే పొట్టు వల్ల కడుపునొప్పి వస్తే ఆ సాయంత్రమే కనిపిస్తుంది, దీని నష్టం మాత్రం నెలల తర్వాత గానీ కనపడదు.

గుర్రానికి కాల్షియం ఎక్కువ, ఫాస్ఫరస్ తక్కువ కావాలి. నాలుగు వందల కిలోల గుర్రం పని లేకుండా నిలబడినా రోజుకు పదహారు గ్రాముల కాల్షియం, పదకొండు గ్రాముల ఫాస్ఫరస్ కావాలి. ఫాస్ఫరస్ ఎప్పుడూ కాల్షియాన్ని దాటకూడదు. దాటితే ఒళ్లు ఏం చేస్తుంది? తన ఎముకల్లోంచే కాల్షియం తీసి రక్తంలోకి వదులుతుంది. ఎముక గుల్లయి, ఆ చోట నారలాంటి మెత్తటి కండ పెరుగుతుంది. మొహం మీద, దవడ పళ్ల పైన, రెండు వైపులా ఉబ్బుతుంది. అందుకే దాన్ని బిగ్ హెడ్ అంటారు, పెద్దతల జబ్బు. ఆ ఉబ్బు రాకముందే గుర్రం ఒకరోజు ఈ కాలు, ఒకరోజు ఆ కాలు కుంటుతుంది. మనమేమో లాడం కొట్టినవాడిని తిడతాం. పూర్వం విదేశాల్లో పిండిమర నడిపేవాళ్ల గుర్రాలకు ఇది ఎక్కువగా వచ్చేదట, మరలో మిగిలిన తవుడే వాటికి మేత కాబట్టి. మిల్లర్స్ డిసీజ్ అనే పేరు అలా వచ్చింది. ఊరికే దొరుకుతోందని ఒకే దాణా పెడితే ఏమవుతుందో ఆ పేరులోనే ఉంది.

ఇప్పుడు మన తొట్టి చూద్దాం. కిలో గోధుమ తవుడులో కాల్షియం గ్రాము, గ్రామున్నర. ఫాస్ఫరస్ పది పదకొండు గ్రాములు. కిలో ఎండు బీర్ పొట్టులో కాల్షియం మూడు గ్రాములు, ఫాస్ఫరస్ ఆరు గ్రాములు. రెండూ ఒకే వైపు తూగుతున్నాయి, చూశారా? ఇప్పటికే తవుడు మీద బతుకుతున్న గుర్రానికి పొట్టు తెచ్చి కలిపితే త్రాసు ఇంకా ఒరిగిపోతుంది. పచ్చగడ్డి ఉంది కదా అంటారు. ఏ గడ్డి? మన చుట్టుపక్కల అందరూ వేసేది హైబ్రిడ్ నేపియర్. ఆ గడ్డిలో ఆక్సలేట్లు ఉంటాయి, అవి గడ్డిలో ఉన్న కాల్షియాన్ని పట్టేసుకుని గుర్రానికి అందనివ్వవు. అంటే తవుడు, బీర్ పొట్టు, నేపియర్, మూడూ కలిపి పెడుతున్న లాయం ఏదైనా ఉంటే, అక్కడ గుర్రాల ఎముకలు రోజూ కొంచెం కొంచెంగా కరుగుతున్నాయి. కడుపు నిండుతోంది, మెరుపు కూడా ఉంటుంది, ఎముక మాత్రం పోతుంది. నాకు దీని గురించి నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే ఇది పేదరికం వల్ల వచ్చే జబ్బు కాదు, ప్రేమగా మేపేవాళ్ల దగ్గర కూడా వస్తుంది.

సర్దుకోవడం కష్టమేమీ కాదు. పొట్టు మొదలుపెట్టిన రోజే తవుడు తగ్గించండి, కుదిరితే ఆపేయండి. లూసర్న్ పెట్టండి, ఎండు లూసర్న్ కిలోలో పదమూడు పద్నాలుగు గ్రాముల కాల్షియం ఉంటుంది. తమిళంలో దాని పేరే కుదిరై మసాల్, పేరులోనే గుర్రం ఉంది. రోజుకు ఒక కిలో లూసర్న్ వేస్తే కిలో పొట్టు లెక్క సరిపోతుంది. లూసర్న్ దొరకనప్పుడు దాణాలో కలిపే సున్నపురాయి పొడి, అంటే కాల్షియం కార్బొనేట్, ముప్పై గ్రాములు కలిపితే పదకొండు గ్రాముల దాకా కాల్షియం వస్తుంది. సున్నం అన్నాను కదా అని తాంబూలం సున్నం, గోడకు కొట్టే సున్నం వేసేరు, నోరు కాలిపోతుంది! దాణా కొట్లో అడిగి తెచ్చుకోండి, ఎంత వేయాలో డాక్టరుగారిని అడిగి వేయండి.

ఎంత పెట్టాలి, ఎలా మొదలుపెట్టాలి. నేను చేసేది చెప్తాను. గుర్రం రోజుకు తినే మేతలో పెద్ద భాగం గడ్డే ఉండాలి, ఒంటి బరువులో వందకు ఒకటిన్నర వంతు కంటే తగ్గకుండా ఎండుగడ్డి. నాలుగు వందల కిలోల గుర్రానికి ఆరు కిలోలు. అది పెట్టాకే పొట్టు మాట. మొదటి మూడు రోజులు ఒక గుప్పెడు. తర్వాత దోసెడు. రెండు వారాలు పట్టించి అర కిలోకి తీసుకొస్తాను. చాలా గుర్రాలకు అక్కడే ఆపేస్తాను. ఒళ్లు పట్టాల్సిన వాటికి కిలో దాకా, అది కూడా రెండు పూటలుగా. పేడ చూస్తూ ఉంటాను. పేడ ఉండలు వదులైనా, వాసన పుల్లగా మారినా ఒక మెట్టు వెనక్కి. ఎండు పొట్టు అలాగే వేయొద్దు, ఆత్రంగా తినే గుర్రానికి గొంతులో అడ్డుపడుతుంది. వేసేముందు నీళ్లు చల్లి పది నిమిషాలు ఉంచి కలపండి. కలిపింది గంటలో అయిపోవాలి. కొలత డబ్బాతో కాదు, తూకంతో పెట్టండి, ఎందుకంటే మొన్నటి పొట్టు, ఇవాళటి పొట్టు డబ్బాలో ఒకే బరువు రావు. ఒక చిన్న స్ప్రింగ్ త్రాసు కొక్కేనికి తగిలించి పెట్టుకుంటే చాలు.

రేసు గుర్రాలు చూసుకునేవాళ్లు ఉన్నారా? చేతులెత్తండి. ముగ్గురు. మీకు వేరే మాట. బార్లీ మొలకెత్తినప్పుడు హార్డినిన్ అనే పదార్థం పుడుతుంది, ముఖ్యంగా మొలక వేళ్లలో. అది రేసుల్లో నిషిద్ధ పదార్థాల కిందికి వస్తుంది, బార్లీ మొలకల దాణా తిన్న గుర్రాలకు పరీక్షల్లో అది బయటపడిన సందర్భాలు విదేశాల్లో ఉన్నాయి. గుర్రానికి మందు ఎవరూ ఇవ్వలేదు, తొట్టిలోంచి వచ్చింది. కాబట్టి పోటీకి వెళ్లే గుర్రానికి బీర్ పొట్టు గానీ, మొలకెత్తిన బార్లీ గానీ ట్రైనరుకు, క్లబ్బు డాక్టరుకు చెప్పకుండా పెట్టొద్దు. నన్నడిగితే పెట్టనే వద్దు, మీకు ఓట్స్ ఉన్నాయి.

ఇప్పుడు చీటీల మీద రాసిచ్చిన ప్రశ్నలు చూస్తాను.

"చెమట పట్టని గుర్రానికి బీరు తాగిస్తే పడుతుందంటారు, నిజమా?" ఇది చెన్నై తమ్ముడిదే అనుకుంటా. ఉక్కపోత ఊళ్లలో కొన్ని గుర్రాలకు చెమట ఆగిపోతుంది, ఒళ్లు పొడిగా, కాలే పెనంలా ఉంటుంది, రొప్పుతుంది. బీరు పట్టించడం పాతకాలం నుంచి చేస్తున్నారు. ఇంగ్లండులో జరిగే చెల్టెన్‌హామ్ గోల్డ్ కప్ అనే పందెం 1964, 65, 66 వరుసగా మూడేళ్లు గెలిచిన ఆర్కిల్ అనే ఐర్లాండు గుర్రానికి దాణాలో గిన్నెస్ బీరు పోసేవారని కూడా చెప్పుకుంటారు. కానీ ఆ గుర్రం గెలిచింది దాని కాళ్ల వల్ల, గుండె వల్ల. చెమట పట్టని గుర్రానికి కావాల్సింది నీడ, ఫ్యాను, ఒంటి మీద చల్లటి నీళ్లు, తెల్లవారకముందే పని ముగించడం. బీరు సీసా కోసం పరిగెత్తే అరగంట ఆ గుర్రం ఎండలో ఉంటే ప్రమాదం.

"ఈస్టు మడ్డి కూడా ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?" పచ్చిది వద్దమ్మా. ఈస్టు మంచిదే, బి విటమిన్లు బాగా ఉంటాయి, ఎండబెట్టి అమ్మే బ్రూవర్స్ ఈస్ట్ పొడి గుర్రాలకు వాడతారు. పచ్చి మడ్డి మాత్రం ఇంకా బతికే ఉంటుంది, అందులో బీరు ఉంటుంది, హాప్స్ ఉంటాయి. అది గుర్రం పొట్టలోకి వెళ్లి తన పని తాను చేస్తుంది, అంటే గాలి పుట్టిస్తుంది. గౌరి కథ మళ్లీ మొదలవుతుంది. అన్నట్టు, ఇంట్లో కుక్కలున్నవాళ్లు హాప్స్ మడ్డిని వాటికి అందనివ్వొద్దు, కుక్కలకు అది ప్రాణాంతకం.

"చూడి గుర్రానికి?" చివరి మూడు నెలల్లో, పాలిచ్చేటప్పుడు కాల్షియం అవసరం బాగా పెరుగుతుంది. లూసర్న్ గట్టిగా ఉంటే అర కిలో పొట్టు ఫరవాలేదు. ఏడాది లోపు పిల్లలకు నేను అసలు పెట్టను.

"ఉలవలు మానేసి ఇదే పెట్టొచ్చా?" మానేయక్కర్లేదు. ఉడికించిన ఉలవల్లో లైసీన్ బాగుంటుంది, పొట్టులో తక్కువైంది అదే కదా. కిలో ఉలవలు పెట్టేచోట అర కిలో ఉలవలు, అర కిలో పొట్టు. నేను మూడేళ్లుగా చేస్తున్నది ఇదే. పచ్చివి మాత్రం వద్దు, మా నానమ్మ ఉడికించినట్టు మెత్తగా ఉడికించండి.

చివరగా, ఆ గోడ దగ్గర రెండు బస్తాలు పెట్టాను. ఎడమవైపుది పోయిన వారం ఎండబెట్టింది. కుడివైపుది కావాలనే తడిగా మూడు రోజులు మూసి ఉంచింది. ఒక్కొక్కరే రండి, రెండింట్లోనూ మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడండి, వేడి చూడండి, వాసన చూడండి, గుప్పెడు పిసికి చూడండి. సైసన్నలు ముందు రండి. పక్కన నీళ్లూ సబ్బూ ఉన్నాయి, కుడి బస్తాలో పెట్టిన చెయ్యి కడుక్కున్నాకే గుర్రాల దగ్గరకు వెళ్లండి.